తిథి, జ్య, ప్రమేయం: సంబంధ విచారణలో మన పూర్వుల మార్గం



ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు గణిత గ్రంథాన్ని తెలుగు మాధ్యమంలో తెరిస్తే ‘ప్రమేయాలు’ అనే మాట కనబడుతుంది. న్యాయశాస్త్ర పరిచయం ఉన్నవారికి ఈ పదం చిరపరిచితం. గౌతమ మహర్షి పరిగణించిన షోడశ పదార్థాలలో మొదటిది ప్రమాణం, రెండవది ప్రమేయం. ప్రమాణం చేత తెలియబడేదే ప్రమేయమని అక్కడి అర్థం. అదే గణిత గ్రంథంలో రెండు పుటలు తిప్పితే ‘వ్యాప్తి’ అనే మరొక పదం కనబడుతుంది. తార్కికులకు వ్యాప్తి అంటే హేతుసాధ్యాల నియత సాహచర్యం. గణితంలో మాత్రం, ఒక ప్రమేయం నిజంగా అందుకున్న ఫలాల సమితికి ఆ పేరు పెట్టారు. హిందీ పుస్తకాలలోనైతే మనం ప్రమేయమనే దానిని ‘ఫలన్’ అంటారు. ‘ప్రమేయ్’ అనే మాటను మనం సిద్ధాంతమనే చోట వాడతారు. పదాలన్నీ మన శాస్త్రాలవే. అర్థాలు మాత్రం ఒక శాస్త్రం నుండి మరొక శాస్త్రానికి మారిపోయాయి.

ఈ సందర్భంలో జిజ్ఞాసువులు రెండు తొందరపాట్లకు లోనవుతుంటారు. పదం మనది కనుక ఆధునిక గణితభావమంతా మన ప్రాచీన గ్రంథాలలో యథాతథంగా ఉన్నదని కొందరి నిశ్చయం. ఇదంతా పాశ్చాత్యుల నుండి వచ్చినదే, మనవారికి దీనితో నిమిత్తం లేదని మరికొందరి నిశ్చయం. గ్రంథం తెరిచి చూసే శ్రమ ఇద్దరికీ తప్పిపోయింది. శాస్త్రాన్ని గౌరవించడమంటే అందులో ఉన్నదానిని ఉన్నట్లు, లేనిదానిని లేనట్లు చెప్పడం. ఆ నియమంతోనే ఈ వ్యాసంలో సంబంధం, ప్రమేయం అనే రెండు భావాల చరిత్రను పరిశీలిద్దాం. చివరికి ఇది మన ఇంటి గోడకు వ్రేలాడే పంచాంగం దగ్గరకే చేరుతుంది.

సంబంధం అంటే ఏమిటి?

రెండు సమితులను ఊహించండి. మొదటి సమితిలోని ఒక వస్తువును రెండవ సమితిలోని ఒక వస్తువుతో జతపరిస్తే అది ఒక క్రమయుగ్మం. అటువంటి క్రమయుగ్మాల సముదాయమే గణితంలో సంబంధం. ‘క్రమ’ శబ్దం ఇక్కడ ప్రధానం. రాముడు దశరథునికి పుత్రుడు. దశరథుడు రామునికి పుత్రుడు కాడు. జతలోని ఇద్దరూ వారే అయినా, ఎవరు ముందు, ఎవరు తరువాత అన్నది మారితే సంబంధం మారిపోతుంది.

ఈ దిశాభేదాన్ని మన తార్కికులు అతి సూక్ష్మంగా గుర్తించారు. ప్రతి సంబంధానికీ ఒక అనుయోగి, ఒక ప్రతియోగి ఉంటాయని వారు చెప్పారు. నేల మీద ఘటం ఉన్నదంటే, సంయోగ సంబంధానికి నేల అనుయోగి, ఘటం ప్రతియోగి. 14వ శతాబ్దిలో మిథిలలో గంగేశోపాధ్యాయుడు తత్త్వచింతామణిని రచించిన తరువాత నవ్యన్యాయం ఈ పరిభాషను ఎంత నిశితం చేసిందంటే, ఒక వాక్యంలో దాగిన సంబంధాలన్నింటినీ ఒక్కొక్కటిగా విప్పి చూపగల భాష తయారయింది.

వ్యాప్తి విచారణ కూడా ఈ దిశాభేదం మీదనే నిలిచింది. ధూమం ఉన్న చోటల్లా అగ్ని ఉంటుంది. అగ్ని ఉన్న చోటల్లా ధూమం ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుపగుండులో అగ్ని ఉన్నది, ధూమం లేదు. కనుక ధూమం నుండి అగ్నిని ఊహించవచ్చు. అగ్ని నుండి ధూమాన్ని ఊహించరాదు. తర్కం మొదలుపెట్టిన ప్రతి విద్యార్థీ వల్లించే ఈ ఉదాహరణ, తిరగవేస్తే నిలవని సంబంధాలు ఉంటాయని నేర్పుతుంది. బీజగణితం మొదలుపెట్టిన విద్యార్థి మొదట తడబడేదీ ఇక్కడే.

తిరగవేసినా నిలిచే సంబంధాలు కూడా లేకపోలేదు. సగోత్రత్వాన్ని తీసుకోండి. ప్రతివాడూ తనకు తాను సగోత్రుడే. ఒకడు మరొకనికి సగోత్రుడైతే ఆ మరొకడూ వీనికి సగోత్రుడే. మొదటివాడు రెండవవానికి, రెండవవాడు మూడవవానికి సగోత్రులైతే, మొదటివాడు మూడవవానికీ సగోత్రుడే. పరావర్తనం, సౌష్ఠవం, సంక్రమణం అని గణితం పేర్కొనే మూడు గుణాలు ఇవి. ఈ మూడూ ఉన్న సంబంధం జనసముదాయాన్ని ఒకదానితో ఒకటి కలవని వర్గాలుగా విభజిస్తుంది. ఆ వర్గాలకే మనం గోత్రాలని పేరు పెట్టుకున్నాము.

సంబంధం ఎప్పుడు ప్రమేయమవుతుంది?

మొదటి సమితిలోని ప్రతి వస్తువుకూ రెండవ సమితిలో జత ఉండాలి. ఆ జత ఒక్కటే కావాలి. ఈ రెండు నియమాలూ నెరవేరితే ఆ సంబంధం ప్రమేయం. మొదటి సమితికి ప్రదేశమని, రెండవదానికి సహప్రదేశమని పేర్లు.

రామ లక్ష్మణ భరత శత్రుఘ్నులను ప్రదేశంగా తీసుకుని, ఒక్కొక్కరికీ తండ్రిని జతపరచండి. నలుగురికీ దశరథుడే. ఇది నిర్దోషమైన ప్రమేయం. నలుగురికి ఒకే ఫలం రావడం దోషం కాదు. ఇప్పుడు తిరగవేసి, దశరథునికి పుత్రుని జతపరచమంటే, ఎవరిని జతపరచాలి? నాలుగు సమాధానాలు వచ్చాయి కనుక అది సంబంధమే గాని ప్రమేయం కాదు. అనేకులకు ఒకే ఫలం ఉండవచ్చు. ఒక్కరికి అనేక ఫలాలు ఉండరాదు. విద్యార్థులు ఈ ఒక్క వాక్యాన్ని గట్టిగా పట్టుకుంటే అధ్యాయంలో సగం అర్థమయినట్లే.

ఆలయంలో నిత్యం ఎదురయ్యే ఉదాహరణ ఇంకొకటి ఉన్నది. అర్చనకు వచ్చిన భక్తుడు ‘కృత్తికా నక్షత్రం’ అంటాడు. రాశి కూడా చెప్పవలసి వస్తే అర్చకుడు వెంటనే ‘ఎన్నవ పాదం?’ అని అడుగుతాడు. కృత్తిక మొదటి పాదం మేషంలో, మిగిలిన మూడు పాదాలు వృషభంలో ఉన్నాయి. మృగశిరలో రెండు పాదాలు వృషభానికి, రెండు మిథునానికి చెందుతాయి. కనుక నక్షత్రం నుండి రాశికి ఉన్నది సంబంధమే, ప్రమేయం కాదు. అశ్విని మొదలు రేవతి వరకు 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున 108 పాదాలు. ప్రతి పాదానికీ రాశి ఒక్కటే. ఒక్కొక్క రాశికి తొమ్మిదేసి పాదాలు. పాదం నుండి రాశికి ఉన్నది ప్రమేయం. సందిగ్ధమైన సంబంధాన్ని ప్రమేయంగా మార్చడానికి ప్రశ్నను మరింత సూక్ష్మం చేయాలని అర్చకుని ఆ చిన్న ప్రశ్న నేర్పుతున్నది.

కటపయాది సంఖ్యాపద్ధతి కూడా ఇటువంటిదే. క, ట, ప, య అనే నాలుగు అక్షరాలూ ఒకటినే సూచిస్తాయి. అక్షరం చెబితే అంకె నిశ్చితం. అంకె చెబితే అక్షరం అనిశ్చితం. ఆ అనిశ్చితిలోనే పద్ధతి ప్రయోజనమంతా ఉన్నది. ఒక అంకెకు పలు అక్షరాలున్నందువలన సంఖ్యను అర్థవంతమైన పదంగా కూర్చవచ్చు. ‘జయ’లో జకారం 8, యకారం 1, కుడి నుండి ఎడమకు చదివితే 18. భారతానికి జయమనే పేరూ ఉన్నది, పర్వాలూ 18. మేళకర్త రాగాలలో ధీరశంకరాభరణం పేరులోని మొదటి రెండక్షరాలు 9, 2. తిప్పి చదివితే అది 29వ మేళం. మేచకల్యాణిలో 5, 6. అది 65వ మేళం.

ఆర్యభటుని పట్టిక

ఇక చరిత్రకు వద్దాం. కలియుగంలో 3600 సంవత్సరాలు గడిచేనాటికి తన వయస్సు 23 అని ఆర్యభటుడు చెప్పుకున్నాడు. అది క్రీ.శ. 499వ సంవత్సరం. ఆర్యభటీయంలోని గీతికాపాదంలో ఆయన ఒకే ఒక శ్లోకంలో 24 సంఖ్యలను తన సొంత అక్షరసంజ్ఞలలో బంధించాడు. అవి జ్యాఖండాలు.

విషయం ఇది. వృత్త పరిధిని 21,600 కళలుగా విభజిస్తే వ్యాసార్ధం, అంటే త్రిజ్య, సుమారు 3,438 కళలు. వృత్తపాదంలోని 5,400 కళలను 24 భాగాలు చేస్తే ఒక్కొక్కటి 225 కళలు. ప్రతి చాపానికీ దానికి తగిన జ్య ఎంత? విల్లు వంపు చాపం, అల్లెత్రాడు జ్య. గణితంలో వాడేది అందులో సగం, అర్ధజ్య. మొదటి చాపానికి జ్య 225. తరువాత ఒక్కొక్క మెట్టుకు కలపవలసిన సంఖ్యలు 224, 222, 219, 215, 210... ఇలా తగ్గుతూ పోయి చివరిది 7. మొత్తం 24 ఖండాలను కలిపితే కచ్చితంగా 3,438, అనగా త్రిజ్య. మొదటి ఎనిమిదింటిని కలిపితే 1,719, త్రిజ్యలో సరిగా సగం. ఎనిమిదవ మెట్టు 30 అంశల దగ్గర ఉన్నది; అక్కడ జ్య త్రిజ్యార్ధం కావలసిందే.

చాపం ఇస్తే జ్య వస్తుంది, ఒక్కటే వస్తుంది. ఇది పట్టిక రూపంలోని ప్రమేయం. పట్టికలో లేని చాపం వస్తే రెండు మెట్ల నడుమ అనుపాతంతో పూరించేవారు. బ్రహ్మగుప్తుడు 665 నాటి ఖండఖాద్యకంలో ఆ పూరణను మరింత సూక్ష్మం చేశాడు. ఖండాల మధ్య భేదాన్నే గాక, ఆ భేదం మారే తీరును కూడా లెక్కలోకి తీసుకున్నాడు.

7వ శతాబ్దికే చెందిన మొదటి భాస్కరుడు మహాభాస్కరీయంలో మరొక మార్గం చూపాడు. పట్టికే అక్కరలేదు. చాపాంశలను 180 నుండి తీసివేసి, మిగిలినదానిని చాపాంశలతోనే గుణించాలి. వచ్చిన లబ్ధానికి నాలుగు రెట్లు భాజ్యం. అదే లబ్ధాన్ని 40,500 నుండి తీసివేయగా మిగిలినది భాజకం. భాగఫలాన్ని త్రిజ్యతో గుణిస్తే జ్య. 30 అంశలకు చూడండి: 30ని 150తో గుణిస్తే 4,500, నాలుగు రెట్లు 18,000, భాజకం 36,000, భాగఫలం సరిగా సగం. 90 అంశలకు భాజ్యమూ 32,400, భాజకమూ 32,400, ఫలం ఒకటి. ఇతర స్థానాలలో కొద్దిపాటి భేదం ఉంటుంది గాని అది చాలా స్వల్పం. ఆర్యభటుడు పట్టికగా చెప్పినదానిని భాస్కరుడు సూత్రంగా చెప్పాడు. 14, 15 శతాబ్దుల నాటి కేరళ గణితాచార్యుడు సంగమగ్రామ మాధవుడు మూడవ రూపం చూపాడు. జ్యను అనంతంగా సాగే పదశ్రేణిగా విస్తరించాడు. ఆయన సాధించిన సూక్ష్మ జ్యలను కటపయాది వాక్యాలలోనే భద్రపరిచారు. ఆ శ్రేణులు ఐరోపాలో వెలువడినది 17వ శతాబ్దిలో.

విలోమ విచారణలో కూడా మనవారు అప్రమత్తులు. జ్య ఇస్తే చాపం చెప్పగలమా? 30 అంశలకూ 150 అంశలకూ జ్య ఒక్కటే. కనుక పూర్తి వృత్తంలో తిరుగు ప్రశ్నకు ఒకే సమాధానం రాదు. అందుచేత సిద్ధాంత గ్రంథాలు వృత్తాన్ని నాలుగు పదాలుగా విభజించి, ఓజ పదాలలో గడచిన చాపం నుండి, యుగ్మ పదాలలో గడవవలసిన చాపం నుండి భుజజ్యను సాధించమన్నాయి. ఏ పదంలో ఉన్నామో తెలిసిన తరువాతనే జ్య నుండి చాపానికి మరలాలి. విలోమ ప్రమేయం కావాలంటే ప్రదేశాన్ని ఇలా కుదించాలని నేటి పాఠ్యపుస్తకం కూడా చెబుతుంది.

ఈ జ్యా శబ్దం చేసిన యాత్ర కూడా చెప్పుకోదగినది. 8వ శతాబ్దిలో ఖలీఫా అల్ మన్సూర్ కాలంలో భారతీయ సిద్ధాంత గ్రంథజ్ఞానం బాగ్దాదుకు చేరింది. జ్యకు పర్యాయమైన ‘జీవా’ అరబ్బులో ‘జీబా’ అయింది. హ్రస్వ స్వరాలు లేని వారి లిపిలో దానిని ‘జైబ్’ అని చదువుకోవడం వచ్చింది. జైబ్ అంటే వస్త్రపు మడత. 12వ శతాబ్దిలో లాటిన్ అనువాదకులు దానిని తమ భాషలో మడత అనే అర్థం గల ‘సైనస్’గా మార్చారు. నేడు మన పిల్లలు ‘సైన్’ అని వల్లించే మాట, దారిలో రూపం కోల్పోయిన మన వింటినారి.

యావత్తావత్, త్రైరాశికం

బీజగణితం వైపు చూస్తే, బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలోని 18వ అధ్యాయం అవ్యక్త గణితానికి ఆకరం. 1150 ప్రాంతంలో రెండవ భాస్కరాచార్యుడు బీజగణితంలో తెలియని రాశిని ‘యావత్తావత్’ అన్నాడు. ఒకటికి మించి అవ్యక్తాలుంటే కాలకం, నీలకం, పీతకం, లోహితకం అని రంగుల పేర్లు పెట్టాడు. గణనలో యా, కా, నీ, పీ, లో అనే తొలి అక్షరాలు చాలు.

యావత్తావత్ అంటే ‘ఎంతయో అంత’. మన తెలుగువారు ‘ఎంత చెట్టుకు అంత గాలి’ అంటారు. ఒకటి ఎంత ఉంటే రెండవది దానికి తగినంత ఉంటుందని ఆ సామెత భావం. ప్రమేయం చెప్పేదీ అదే. అయితే ఇక్కడ జాగ్రత్త అవసరం. భాస్కరాచార్యుని యావత్తావత్ కనుగొనవలసిన ఒక నిశ్చిత రాశికి పేరు మాత్రమే. ఇష్టం వచ్చినట్లు మారుతూ, మరొక రాశిని తనతోపాటు మార్చే చరరాశి అనే భావాన్ని ఆ శబ్దం మీద మనం ఆరోపించరాదు.

ఆ భావానికి దగ్గరగా వచ్చేది త్రైరాశికం. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అనే మూడు రాశులు ఇస్తే నాలుగవదైన ఇచ్ఛాఫలం రావాలి. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించాలి. 100 మందికి పులిహోర ప్రసాదానికి 8 కిలోల బియ్యం పడితే, 250 మందికి 20 కిలోలు. ప్రమాణఫలాలు స్థిరంగా ఉంచి ఇచ్ఛను ఎంత మార్చినా, ప్రతి ఇచ్ఛకూ ఇచ్ఛాఫలం ఒక్కటే. సరళ ప్రమేయమంటే ఇదే. హిందీవారు ఫలన్ అనడంలో ఈ ఫలశబ్దపు స్మృతి వినిపిస్తుంది. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెనిగించిన పావులూరి మల్లన వలన ఈ సంప్రదాయం తెలుగు పద్యాలలోకీ వచ్చింది. గణితశాస్త్రం మన భాషలో కావ్యరూపం ధరించడం అల్పవిషయం కాదు.

ఐరోపాలో పేరు పొందిన భావం

మరి మనవారిలో లేనిది ఏమిటి? జ్య, త్రైరాశికం, గ్రహగతి వంటి అనేక ప్రమేయాలు ఉన్నాయి. అన్నింటికీ సాధారణమైన ‘ప్రమేయత్వం’ అనే ధర్మాన్ని విడదీసి, దానికొక పేరు పెట్టి, దానినే విచారణకు విషయంగా చేసిన గ్రంథం కనబడదు. గోవులు అనేకం ఉన్నా గోత్వాన్ని వేరుగా నిరూపించడం తార్కికుని పని. గణితంలో ఆ పని ఐరోపాలో జరిగింది.

1637లో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ వక్రరేఖలను సమీకరణాలతో ముడివేశాడు. 1673లో లైబ్నిజ్ తన వ్రాతలలో ‘ఫంక్షన్’కు మూలమైన లాటిన్ పదాన్ని ప్రయోగించాడు. 1718లో యోహాన్ బెర్నూలీ దానికి నిర్వచనం చెప్పాడు. ఎఫ్ అక్షరం పక్కన చరరాశిని వ్రాసే పద్ధతి 1734 ప్రాంతంలో ఆయిలర్ చేతి మీదుగా వచ్చింది. 1748లో ఆయిలర్ ప్రమేయమంటే చరరాశితో, స్థిరరాశులతో కూర్చిన గణితవాక్యమే అన్నాడు. 1755కు ఆయనే దానిని విశాలం చేసి, ఒక రాశి మారినప్పుడు దాని మీద ఆధారపడి మారే మరొక రాశి ప్రమేయం అన్నాడు. ఉష్ణప్రసారం మీద 1822లో ఫూరియే ప్రకటించిన గ్రంథం పాత నిర్వచనాన్ని కుదిపివేసింది. 1837లో డిరిక్లే, సూత్రం ఉన్నా లేకున్నా ప్రతి విలువకూ ఒకే ఒక్క ఫలం నియతమైతే చాలునన్నాడు. 20వ శతాబ్దిలో సమితివాదం దానిని క్రమయుగ్మాల సమితిగా స్థిరపరచింది.

ఈ వరుసలో ఒక విశేషం గమనించండి. ఐరోపాలో ప్రమేయం సూత్రంగా మొదలై, చివరికి ‘ఇది ఇస్తే ఇది’ అనే జతల పట్టికగా స్థిరపడింది. మనవారు పట్టికతో మొదలుపెట్టి సూత్రానికి, శ్రేణికి నడిచారు. రెండు మార్గాలు ఎదురెదురు దిక్కుల నుండి వచ్చి ఒకే తీర్థానికి చేరాయి. ఈ సత్యం చాలు. దీనికి అతిశయోక్తి అలంకారం అవసరం లేదు.

పంచాంగంలో ప్రమేయం

ఇప్పుడు మన గృహాలలో ఏటా కలత పుట్టించే విషయానికి వద్దాం. ‘ఏకాదశి ఈ రోజా, రేపా?’ ‘నాన్నగారి ఆబ్దికం ఏ రోజున పెట్టాలి?’ అన్నగారి పంచాంగంలో ఒక తేదీ, తమ్ముని క్యాలెండరులో మరొక తేదీ. ‘శాస్త్రానికే స్పష్టత లేదు’ అని ఇంట్లోని యువకులు నిట్టూర్చడం కద్దు. ప్రమేయ జ్ఞానంతో చూస్తే ఆ చిక్కు విడుతుంది.

చంద్రుడు సూర్యుని నుండి 12 అంశలు ఎడం కావడానికి పట్టే కాలం ఒక తిథి. ఏ క్షణం చెప్పినా ఆ క్షణంలో తిథి ఒక్కటే. కనుక క్షణం నుండి తిథికి నిర్దోషమైన ప్రమేయం ఉన్నది. కాని మనకు కావలసినది దినానికి తిథి. అందుకని సూర్యోదయ క్షణంలో ఉన్న తిథిని ఆ దినానికి తిథిగా నియమించారు. ఇదీ ప్రమేయమే. అయితే తిథి పరిమాణం సమానం కాదు. 60 ఘడియలకు ఐదు వరకు పెరగవచ్చు, ఆరు వరకు తరగవచ్చు అని పూర్వ గణన. దృగ్గణితంలో ఈ తేడా మరికొంత ఎక్కువ. అందుచేత ఒక్కొక్కప్పుడు ఒకే తిథి రెండు సూర్యోదయాలను స్పృశిస్తుంది, అది వృద్ధి. ఒక్కొక్కప్పుడు సోమవార సూర్యోదయానికి దశమి, మంగళవార సూర్యోదయానికి ద్వాదశి ఉండి, నడుమ ఏకాదశి ఏ సూర్యోదయాన్నీ తాకకుండానే గతిస్తుంది, అది క్షయం.

గణిత పరిభాషలో చెప్పాలంటే, వృద్ధి తిథి వలన ఈ ప్రమేయం అన్వేకం కాకుండా పోయింది. రెండు దినాలకు ఒకే ఫలం. క్షయ తిథి వలన సంగ్రస్తం కాకుండా పోయింది. సహప్రదేశంలోని ఒక తిథికి దినమే లేదు. ఇది పంచాంగకర్తల అలసత్వం కాదు, తప్పించుకోలేని గణితం. 12 చాంద్రమాసాలలో తిథులు 360; సూర్యోదయాలు సుమారు 354. సూర్యసిద్ధాంతం ఒక మహాయుగానికి 1,60,30,00,080 తిథులను, 1,57,79,17,828 సావన దినాలను చెప్పి, వాటి తేడా అయిన 2,50,82,252ను అవమ తిథులన్నది. అంటే సగటున సుమారు 64 తిథులకు ఒకటి లోపిస్తుంది.

ఇప్పుడు ‘ఏకాదశి ఏ దినం?’ అనే ప్రశ్న చూడండి. అది విలోమ ప్రశ్న. ప్రమేయం అన్వేకమూ సంగ్రస్తమూ కానప్పుడు విలోమం ప్రమేయం కాజాలదు. రెండు సమాధానాలు రావచ్చు, అసలు రాకపోవచ్చు. మన ధర్మశాస్త్రకారులు ఇక్కడ చేతులెత్తివేయలేదు. 1612లో కమలాకర భట్టు నిర్ణయసింధువును, 1790 ప్రాంతంలో కాశీనాథోపాధ్యాయుడు ధర్మసింధువును రచించినది, ఈ అనిశ్చిత సంబంధం నుండి ప్రతి వ్రతానికీ ఒకే ఒక్క దినాన్ని నిర్ణయించే నియమాలను సంగ్రహించడానికే. వినాయక చవితికి, శ్రీరామనవమికి మధ్యాహ్నంలో వ్యాపించిన తిథి, మహాశివరాత్రికి నిశీథంలో వ్యాపించిన తిథి, దీపావళికి ప్రదోషంలో వ్యాపించిన తిథి, ఆబ్దిక శ్రాద్ధానికి అపరాహ్ణంలో వ్యాపించిన తిథి గ్రాహ్యం. రెండు దినాలూ ఆ కాలంలో తిథి ఉంటే ఒక నియమం, రెండు దినాలూ లేకుంటే మరొక నియమం. ఏకాదశి విషయంలో స్మార్తులు సూర్యోదయాన్ని ప్రధానంగా చూస్తే, వైష్ణవులు అరుణోదయానికి దశమీవేధ ఉన్న ఏకాదశిని విడిచిపెడతారు. ఇవి వేర్వేరు నియమాలు గల వేర్వేరు ప్రమేయాలు. వాటి ఫలాలు వేరు కావడం వైరుధ్యం కాదు.

పూర్వపద్ధతి పంచాంగానికీ దృక్ పంచాంగానికీ వచ్చే భేదం కూడా ఇటువంటిదే. రెండింటి ప్రదేశం ఒకటి, సహప్రదేశం ఒకటి, గణన వేరు. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన కేంద్ర ప్రభుత్వం నియమించిన పంచాంగ సంస్కరణ సంఘం ఈ వైవిధ్యాన్ని విపులంగా పరిశీలించింది. మన కుటుంబం ఏ సంప్రదాయాన్ని అనుసరిస్తున్నదో పెద్దలను, పురోహితుని అడిగి ఆ ఒక్కదానినే నియమంగా పాటించాలి. ఒక ఏడు ఒక పంచాంగం, మరొక ఏడు అనుకూలమైన ఆదివారం పడిన మరొక పంచాంగం పట్టుకుంటే, ఆ ఎంపికకు ఏ నియమమూ లేదు. కనుక అది ప్రమేయమే కాదు.

దేశభేదం కూడా మరువరాదు. తిథి ఆరంభమయ్యే క్షణం భూమండలమంతటికీ ఒక్కటే. సూర్యోదయం మాత్రం ఊరూరికీ వేరు. హైదరాబాదులో నేడు అయిన ఏకాదశి అమెరికాలోని తెలుగు కుటుంబానికి నిన్న కావచ్చు. కావలసిన ఫలం దినం ఒక్కదాని మీదనే గాక స్థలం మీద కూడా ఆధారపడి ఉన్నది. సంకల్పంలో మనం కాలంతోపాటు దేశాన్ని కూడా ఎందుకు ఉచ్చరిస్తామో ఆలోచించండి. ఫలాన్ని నిర్ణయించే రెండు రాశులనూ కర్మకు ముందే స్పష్టంగా ప్రకటించుకుంటున్నాము.

ఫలశ్రుతి

సంబంధం, ప్రమేయం అనే పాఠాన్ని పరీక్ష కోసమే చదివే విద్యార్థి దానిని పరీక్షతోనే విడిచిపెడతాడు. ప్రశ్న ఏ వైపు నుండి అడుగుతున్నాము? ప్రదేశం ఏమిటి? నియమం ఏది? సమాధానం ఒక్కటే వస్తుందని హామీ ఉన్నదా? ఈ నాలుగు ప్రశ్నలను అలవరచుకున్నవాడు మాత్రం పంచాంగం ముందూ తడబడడు, శాస్త్రవాక్యం ముందూ తడబడడు. ఒక వాక్యం మరొక వాక్యానికి విరుద్ధంగా కనిపించినప్పుడు, అవి రెండూ ఒకే అధికారికి, ఒకే సందర్భంలో చెప్పినవేనా అని మొదట చూస్తాడు. మీమాంసకులు విషయవ్యవస్థ అనేది ఇదే.

మీ ఇంటి పిల్లలు ఈ అధ్యాయం చదువుతుంటే పక్కన ఒక పంచాంగం తెరిచి కూర్చోండి. ఈ నెలలో ఏ తిథి వృద్ధి, ఏ తిథి క్షయం అయిందో వారినే వెతకమనండి. కరణాలు చూపండి; నెలకు 60 కరణాలున్నా పేర్లు 11 మాత్రమే. బవ మొదలైన ఏడు చరకరణాలు ఎనిమిదేసి సార్లు తిరిగి 56, స్థిరకరణాలు నాలుగు. ఇది ఏ జాతి ప్రమేయమో వారే చెబుతారు. అప్పుడు వారికి గణితం పరాయిది కాదని, మనకు పంచాంగం గుడ్డినమ్మకం కాదని ఒకేసారి తెలుస్తుంది.

స్వస్తి.